పదో రోజు గాజులు

ఆ కాలానికి ఇంటి పెంకులూ, వంటగిన్నెలూ, గోదావరి రేవు మెట్లూ అన్నీ పగలని రంగుగాజువే. మనుషుల పట్టింపులు మాత్రం పాతవే.

గాజు కార్ఖానాలో రంగులు కలిపే సత్యవేణికి భర్త పోయాడు. పదో రోజున ఆమెను రేవులో కూర్చోబెట్టారు. పెద్దత్త మంగతాయారు ఆమె చేతిని మెట్టు మీద పెట్టి, గాజుల మీద రాయితో కొట్టింది. రాయే పెచ్చులూడింది. గాజుల మీద గీత కూడా పడలేదు.

“ఇయ్యేం గాజులే?”

“మా బట్టీలో పగలని గాజుతో చేసినవే పెద్దత్తా. ఈ నెమలిరంగు కుదరడానికి నాకు మూడేళ్లు పట్టింది. మొదటి జత ఆయనే తొడిగారు.”

“పోనీ, ఊడదీసెయ్యండి,” అన్నారు వెనకనుంచి ఎవరో.

సత్యవేణి చెయ్యి వెనక్కి లాక్కుంది. “పగలగొట్టాలన్నారు, కూర్చున్నాను. పగల్లేదు. ఇక తియ్యను.”

పెద్దత్త రాయిని గోదాట్లోకి విసిరేసింది. నలభై ఏళ్ల కిందట ఇదే రేవులో బోసిపోయిన తన చేతుల్ని కాసేపు చూసుకుంది.

“నా చేతికి సరిపడేవి దొరుకుతాయటే, వేణీ?”