మూడు రాడ్లు

"మావయ్యా, ఇది అతుకా, జల్లెడా?"

సూపర్‌వైజర్ పైపును వెలుగులోకి తిప్పాడు. అతుకు పొడవునా సూదిబెజ్జాలు. ముత్యాల మావయ్య వంగి చూశాడు. ముత్యాలు పేర్చినట్టు వెల్డింగ్ చేస్తాడని షాపులో అందరూ కలిసి పెట్టిన పేరది. ఈ పరీక్ష తప్పితే ఇక ఆయన చేతికి వెల్డింగ్ హోల్డర్ ఇవ్వరు. స్టోర్ రూంలో కుర్చీ వేసి నట్లూ బోల్టులూ అప్పగిస్తారు.

"తప్పు నా చేతిది కాదయ్యా, రాడ్లది! చిటపటలాడడం నువ్వూ విన్నావుగా. వాటికి తడి తగిలింది, అందుకే ఈ బెజ్జాలు."

"స్టోర్లో ఉన్నవి ఇస్తానంటే వద్దన్నదెవరు? నా రాడ్లు నేనే తెచ్చుకుంటానని పట్టుబట్టిందెవరు?"

నిజమే. మూత తీసి పడేసిన స్టోరు రాడ్లను ఆయన ముట్టుకోడు. మంచివి మూడు ఏరి, తేమ పోయేందుకు నిన్న షాపు ఓవెన్‌లో కాల్చి, ఎవరి చేతుల్లోనూ పడకుండా రేకు డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్లిందీ ఆయనే.

"పైవాళ్లకి ఏమని రాయను? రాడ్లకి జలుబు చేసిందనా?" సూపర్‌వైజర్ నిట్టూర్చాడు. "సరే, రేపు పొద్దున ఇంకొక్కసారి. అదే ఆఖరు. ముందు ఆ కళ్లు తుడుచుకో."

"చెమట," అన్నాడు మావయ్య.

సాయంత్రం మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. భార్య కళ్లలో చుక్కల మందు వేస్తోంది.

"మండుతున్నాయా?"

"కళ్లు కాదే, కడుపు మండుతోంది. ముప్పై ఏళ్ల చెయ్యి పోయిందనుకుంటున్నారంతా!"

"ఇంకో ఏడాది ఆ వెలుగు చూస్తే చూపు దక్కదని డాక్టరు చెప్పాడా లేదా? ఆ స్టోర్ రూం కుర్చీకేమొచ్చింది?"

"ఆ కుర్చీలో కూర్చోవడం కంటే గుడ్డివాణ్ణయి ఇంట్లో కూర్చోవడం నయం."

ఆమె ఇదివరకే ఏడ్చి చెప్పింది, అలిగి చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పొద్దున పరీక్షకి ముందు మా షాపులోనే ఎవడో నా డబ్బా మూత తీశాడు," పళ్లు నూరాడు మావయ్య. "ఇవాళ మళ్లీ మూడు కాల్చి తెచ్చాను. ఈ రాత్రి తలకింద పెట్టుకుని పడుకుంటాను, పొద్దున పరీక్షదాకా చేతిలోంచి వదలను. ఎవడు తీస్తాడో చూస్తా!"

ఆమె ఆయన రెండో కనురెప్పను మెల్లగా పైకెత్తింది.

"తలకిందే పెట్టుకోండి," అంది చుక్క వేస్తూ. "మీరు నిద్రపోయాక, నిన్నటిలాగే తీసి తడిగుడ్డలో చుడతాను."