సారు చేతికే

"తాళం తియ్యం అవ్వా. సమ్మె."

ఐలేశ్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

మానుకోట శాఖా గ్రంథాలయాన్ని నడిపేది ఆయనే. సకల జనుల సమ్మె మొదలయ్యాక జనగామ, భూపాలపల్లి, మానుకోట అని లేదు. వరంగల్ కింద ఉన్న శాఖలన్నిటికీ తాళాలే.

గేటు ముందు టెంటు వేశారు. టెంటు పరదాకు దినేశ్ ఫోటో. తెలంగాణ కోసం ప్రాణం ఇచ్చిన పిల్లవాడు. ఈ లైబ్రరీలోనే చదువుకున్నాడు. అంత్యక్రియల రోజు పోలీసులు దారులన్నీ మూసేశారు. ఆఖరి చూపుకు కూడా పోలేకపోయాడు ఐలేశ్. అందుకే రోజూ పొద్దున్నే ఫోటోకు బంతిపూల దండ వేస్తాడు. వేసి కళ్లు తుడుచుకుంటాడు.

ఫోటో కింద జంపఖానా మీద కుర్రవాళ్లు నినాదాలు ఇస్తున్నారు.

ముసలమ్మ కొంగులోంచి ఒక మూట తీసింది.

"మా మంగ్యా తెచ్చిన పుస్తకం సారూ. తిరిగియ్యమన్నడు."

"సమ్మె అయినంక ఇయ్యి. జుర్మానా ఏం పడది."

"సారు చేతికే ఇయ్యమన్నడు. ఇంకెవరో దానికోసం చూస్తున్నరట."

"నేనే సారును. కానీ పట్టుకుంటే డ్యూటీ చేసినట్టయితది అవ్వా! సమ్మె ద్రోహి అని రేపు పేపర్ల నా ఫోటో ఏస్తరు."

టెంటులో అందరూ నవ్వారు.

ముసలమ్మ నవ్వలేదు.

"గంగారం దిక్కు తండా మాది. బస్సులు లేవాయె. కొంత నడిచిన, కొంత ట్రాక్టర్ ఎక్కిన. పుస్తకం ఎగ్గొట్టిండని నా కొడుకుకు మాట రావద్దు సారూ."

"ఎవరంటరు? అసలు ఈ మంగ్యా ఎవరు? గా పేరుతోని మా దగ్గర ఎవ్వరు లేరు."

సారుకు తెలియకపోవడమేంటన్నట్టు చూసింది ఆమె. టెంటు లోపలికి వేలు చూపింది.

"గాడున్నడు కదా!"

ఐలేశ్ అటు చూశాడు. కుర్రవాళ్లు పిడికిళ్లెత్తి అరుస్తున్నారు.

"అరె, గింత దగ్గర ఉండి ముసలి తల్లిని పంపిండా? ఆయన్నే తెచ్చియ్యమను."

"వాడు రాడు బిడ్డా."

"మంచి కొడుకును కన్నవ్ పో!"

మళ్లీ నవ్వులు.

ఆమె మూటను తిరిగి కొంగులో పెట్టుకుంది.

"తెలంగాణ వచ్చినంక రా అవ్వా. నీకే దండేసి తీసుకుంట" అన్నాడు ఐలేశ్, కొంచెం మెత్తబడి.

మధ్యాహ్నం రోడ్డు మీదే వంటావార్పు. రాజీ అనే అమ్మాయి విస్తరిలో అన్నం పెట్టి ఇచ్చింది. ముసలమ్మ ముట్టలేదు. దండ నుంచి రాలిన బంతిరేకులు ఒక్కొక్కటే ఏరి కొంగుకు కట్టుకుంది.

"రాలిన పూలు కూడ ఇడుస్తలేదు!" అన్నారెవరో.

పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత ఎప్పుడు వెళ్లిందో ఎవరూ చూడలేదు.

సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు. కుర్రవాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. టెంటు మాత్రం ఇంకా విప్పలేదు.

ఐలేశ్ తాళం తీసిన రోజే ఒక యువకుడు వచ్చాడు. చేతిలో అదే మూట.

"నా పేరు సేవ్యా. మంగ్యా తల్లి, మా గంగి యాడి ఇచ్చింది సారూ. సారు చేతికే ఇయ్యమని ఒట్టు పెట్టిచ్చుకున్నది."

"అవ్వ రాలేదా?"

"ఈడికి వచ్చి పోయినంక జరం పట్టింది. దవాఖానకు తీసుకపోదామంటే బండి దొరకలె. పోయింది సారూ."

ఐలేశ్ రెండు చేతులూ చాచి పుస్తకం అందుకున్నాడు. ఆ వెంటే కోపం వచ్చింది.

"మరి ఆమె కొడుకు ఏం చేసిండు? టెంట్ల కూసున్నోడు తల్లిని దవాఖానకు తీసుకపోలేకపోయిండా? ఎవడు వాడు, ఆ మంగ్యా?"

సేవ్యా ఆయన మొహంలోకి వింతగా చూశాడు.

"మంగ్యా అని మేం తండాల పిలుస్తం సారూ. బడిల వేరే పేరు."

టెంటు లోపలికి వేలు చూపాడు. గంగి చూపినట్టే.

ఈసారి ఫోటో కింద ఎవరూ కూర్చొని లేరు.