ఐదు సంతకాలు

ప్రార్థన ముగిసింది. ఐదుగురు దాతలూ కళ్లు తెరిచి కలాలు బయటికి తీశారు.

లుబిందా ఆ కలాలకేసి చూశాడు. మూడేళ్లలో అవి ఎన్నోసార్లు బయటికొచ్చి, మూత తీయించుకోకుండానే జేబుల్లోకి వెళ్లిపోయాయి.

బల్ల మధ్యలో ఒక్క కాగితం ఉంది. దాన్ని తయారుచేసింది నముకోలో. దేశ రాజధాని లుసాకాలో, వాణిజ్య మంత్రిత్వ శాఖలో ఆమె అధికారి, లుబిందా ఆమె సహాయకుడు. దేశంలోని లెక్కల నిపుణులు, ఆర్కిటెక్టులు, నర్సులు సరిహద్దు దాటి తమ పనితనం అమ్ముకోవడానికి సాయపడతామని ఐదు విదేశీ సంస్థలు వచ్చాయి. ఎవరి దారి వాళ్లది. ఒక్కొక్కరూ ఒక్కొక్క నిపుణుణ్ణి రప్పించి ఒక్కొక్క అధ్యయనం చేయించారు. ఇకమీదట ఒకే నిధి, ఒకే పథకం, ఒకే అధ్యయనం అంటుంది ఆ కాగితం.

వచ్చే శుక్రవారం నముకోలో పదవీ విరమణ. ఇవాళ సంతకాలు పడకపోతే ఆ కాగితాన్ని మళ్లీ ముట్టుకునేవాళ్లు ఆ భవనంలో లేరు.

నిరుడు ఎవరి సంతకం ముందు ఉండాలన్న దగ్గరే పని ఆగిపోయింది. అందుకని ఈసారి ఆమె సంతకాల గీతలను గుండ్రంగా గీయించింది. మొదలూ లేదు, చివరా లేదు.

"దేవుణ్ణి తలుచుకున్నాం కదా, ఇక కానిద్దాం," అందామె. "మీ అధ్యయనాల కోసం నాచేత ఐదుసార్లు అవే ప్రశ్నలు అడిగించారు. ఆర్కిటెక్టుల సంఘం కార్యదర్శి నా కారు కనిపిస్తే చాలు, ఊళ్లో లేనని చెప్పిస్తున్నాడు."

అందరూ నవ్వారు. లుబిందా ఆ నవ్వులను విడివిడిగా పరిశీలించాడు. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్న ప్రిచర్డ్‌కు ఇక్కడివాళ్లు రోజూ తినే మొక్కజొన్న ముద్ద న్షిమాను చేత్తో తినడం ఇంకా రాదు, కానీ న్షిమా మీద గంటసేపు మాట్లాడగలడు. మదాం లెకోక్ ప్రతి సమావేశానికీ ఇక్కడి ఆడవాళ్లలా తలకు రంగురంగుల చితెంగే గుడ్డ చుట్టుకునే వస్తుంది. రెండేళ్లుగా తన కారు నడుపుతున్న మనిషి పేరు మాత్రం ఆమెకు తెలియదు. ఆ పక్కన ఒక పొడుగాటి యువకుడు. మంచినీళ్లు కావాలా అన్నా మా రాజధానిని అడగాలనే రకం. అందరూ రోజుకు నలభైసార్లు సమన్వయం అంటారు, కళ్లు మాత్రం పక్కవాడి చేతి మీదే.

ప్రిచర్డ్ కలం మూత తీశాడు.

లుబిందా గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటమ్మా. సంతకాలకు ముందు ఐదు నివేదికల సారాంశాలూ చదివితే మర్యాదగా ఉంటుందేమో. ఒకరిని తలుచుకుని ఇంకొకరిని వదిలేశామనిపించుకోకూడదు కదా."

నముకోలో ముఖం చిట్లించింది. కానీ పేరుపేరునా, హోదా వరసన అందరినీ తలుచుకోనిదే అక్కడ ఏ సమావేశమూ సాగదు. మర్యాదకు అడ్డు చెప్పడం ఎవరివల్లా కాదు.

"చదువు నాయనా. తొందరగా."

అతను నిలబడి తీరిగ్గా చదివాడు. ప్రిచర్డ్ సంస్థ నివేదిక ప్రకారం దేశంలో లెక్కల నిపుణులకు తీవ్రమైన కొరత ఉంది. లెకోక్ సంస్థ నివేదిక ప్రకారం వాళ్లు అవసరానికి మించి ఉన్నారు.

కుర్చీలు కిర్రుమన్నాయి.

"మించి ఉన్నారా?" అన్నాడు ప్రిచర్డ్. "ఎక్కడ మేడమ్, మీ హోటల్లోనా?"

"మా నిపుణుడు ఇక్కడ మూడు వారాలున్నాడు."

"రెండు వారాలు లివింగ్‌స్టన్‌లో జలపాతం దగ్గరేనట కదా!"

"మీవాడు అసలు విమానాశ్రయం దాటలేదట కదా!"

రెండూ నిజమేనని లుబిందాకు తెలుసు. తల దించుకుని కాగితాలు సర్దాడు.

ప్రిచర్డ్ తన నివేదిక ఎత్తి పట్టుకున్నాడు. "వినండి. 'పనితనానికి దారి ఇవ్వని దేశం పట్టాలు వేయని రైల్వే లాంటిది.' ఈ ముక్క రాయాలంటే ఈ నేలను ఎంత ఎరిగి ఉండాలి!"

తెలియకుండానే లుబిందా పెదవులు ఆ వాక్యంతోపాటు కదిలాయి. వెంటనే బిగించుకున్నాడు.

మిగతా ముగ్గురూ తమ నివేదికలు తెరిచారు. ఒకదాంట్లో నర్సులు ముందు, ఇంకోదాంట్లో నర్సులు ఆఖరు, మూడోదాంట్లో నర్సుల ఊసే లేదు.

నముకోలో లేచింది. "లెక్కలు తర్వాత తేల్చుకుందాం. ముందు సంతకం పెట్టండి. మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను."

లుబిందా ఆమెకేసి చూశాడు. తనకు కలిగింది జాలి అనుకున్నాడు. తరచి చూసుకుంటే అది జాలి కాదు, ఏవగింపే. ఇంత వయసొచ్చాక కూడా మనుషులను నమ్మేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది.

"లెక్క తేలకుండా సంతకమా?" అన్నారు ఐదుగురూ. మూడేళ్లలో వాళ్లు ఒక్క గొంతుతో అన్న మొదటి మాట అదే.

కలాలకు మూతలు పడ్డాయి. అసలు లెక్క తేల్చడానికి ఏ సంస్థకా సంస్థ కొత్త అధ్యయనం చేయించాలని తీర్మానించారు. చప్పట్లు కొట్టుకున్నారు. సమోసాలు తిన్నారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ లుబిందా భుజం తట్టారు.

గది ఖాళీ అయింది. నముకోలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"నాకొక్కటే అర్థం కాదు నాయనా. ఆ ఐదుగురు నిపుణులూ ఒక్కసారి ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఈ గొడవ ఉండేదా?"

"వాళ్లకంత తీరిక ఎక్కడిదమ్మా," అన్నాడు లుబిందా.

ఆ ఐదు నివేదికలూ ఒకే గదిలో, తన ఇంటి భోజనాల బల్ల దగ్గర, ఆ ఐదుగురు నిపుణుల దగ్గరా డబ్బు తీసుకుని, వాళ్ల పేర్లతో తన చేత్తోనే రాసినవని మాత్రం చెప్పలేదు.