సాలవ్వ అరుగు మీద

"చేతులు గిట్ల వణుకుతుంటే ఈ బీడీలు ఎవలు చేసిన్రత్తా?"

భూమక్క చాటను ముందుకు తోసి అడిగింది. చాటలో బీడీ కట్టలున్నాయి. ఒక్కో కట్టకు దారం బిగువుగా చుట్టి ఉంది. ఎదురుగా అత్త రాములవ్వ చాయ తాగుతోంది. తాగుతోంది అనకూడదు గాని, సగం చాయ ఆమె కొంగే తాగుతోంది.

"నేనే చేసిన. ఇంకెవలు చేస్తరు?"

"అబద్ధమాడకు. నీకు అన్నం ముద్దే నోటిదాక పోతలేదు. రేపటి సంది బీడీలకని సాలవ్వ అరుగు మీదికి పోవుడు బంద్. కామారెడ్డి డాక్టర్ ఏం చెప్పిండు? ఎనభై ఏండ్ల పానం, మంచంల పండుకొని ఆరాం చెయ్యాలె అన్లే?"

"సచ్చినంక పండుకునుడే గదనే!"

భూమక్క వినలేదు. చాట తీసి అటక మీద పెట్టేసింది. ఆమె కడుపులో ఉన్నది ప్రేమే. భర్త లారీ మీద పోతే నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. ముసలామెకు ఏదైనా అయితే జవాబు చెప్పుకోవలసింది తానే.

రాములవ్వ నిజంగానే మంచం పట్టింది. మొదటి మూడు రోజులు అలిగిందిలే అనుకుంది భూమక్క. ఆ తరువాత జొన్న గటక కూడా ముట్టలేదు. వారం తిరిగేసరికి మాట పీలగా అయిపోయింది. లేపి కూర్చోబెడితే గోడకు ఒరిగిపోతోంది. కంపౌండర్ వచ్చి చెయ్యి పట్టి చూశాడు, గుండె విన్నాడు. "రోగమేం లేదమ్మా" అని సంచి సర్దుకొని పోయాడు. రోగం లేకపోతే మనిషి ఎందుకు కరిగిపోతోంది? భూమక్కకు భయం పట్టుకుంది.

తొమ్మిదో రోజు వాజిదా వచ్చింది. ఆమె కూడా సాలవ్వ అరుగు మీద బీడీలు చేసేదే. గడప దాటకుండానే మెడ సాచి లోపలికి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అవ్వ... పానంతోనే ఉన్నదా?"

"అట్లడుగుతవేంది వాజిదా? మంచిగనే ఉన్నది. ఆరాం చేస్తున్నది."

"ఆరాం!" వాజిదా భూమక్కను కింది నుంచి పైదాకా చూసింది. కసాయి కత్తిని గొర్రె చూసినట్టుంది ఆ చూపు. "బతిలాడుకుంటున్నక్కా, అవ్వను పంపు. సాలవ్వకు తొంభై దాటినయ్. గా అరుగు మీద నేనొక్కదాన్నే చిన్నదాన్ని, మిగిలినోళ్ళందరికి డెబ్బై పైనే. ఇన్నేండ్ల సంది చూస్తున్న, అరుగు మీద కూసున్నోళ్ళు ఎవ్వలు పోలే. కూసునుడు బంద్ చేసినోళ్ళే పోయిన్రు."

మర్నాడు భూమక్క కూలికి పోలేదు. అటక మీది చాట దించి అత్త చేతికిచ్చింది. నిన్న గోడకు ఒరిగిన మనిషి కుచ్చిళ్ళు సర్దుకొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గడప దాటింది! ఏం మందు ఉందక్కడ? అది తెలుసుకోకపోతే భూమక్కకు అన్నం దిగేలా లేదు. వెనక సందులోంచి పోయి సాలవ్వ ఇంటి తడిక చాటున నిలబడింది.

అరుగు మీద ఎనిమిది మంది ఉన్నారు. తునికాకు కత్తిరించే చప్పుడు, తంబాకు వాసన. రాములవ్వ నడుమ కూర్చుంది. ఒళ్ళో చాట ఉంది గాని ఆమె చెయ్యి ఆకును ముట్టనేలేదు. ఒకరి తరువాత ఒకరు తాము చేసిన కట్ట ఒకటి తీసి ఆమె చాటలో వేస్తున్నారు. ఓహో, ఇదా సంగతి! కానీ ఊరికే ఎందుకు వేస్తారు?

"చెప్పవ్వా, గిన్ని రోజులు ఏం చేసింది నిన్ను?" అంది వాజిదా.

రాములవ్వ గొంతు సవరించుకుంది. "ఏం చెప్పాలె బిడ్డా! అర్రల ఏసి బయట గొళ్ళెం పెట్టింది నా కోడలు. ఆకలైతుందే భూమక్కా అంటే, కుక్క తినంగ మిగిలితే పెడ్త, ఆగు అన్నది."

"దాని చేతులు పడిపోను!" అంది సాలవ్వ. ఎవరో ముక్కు చీదారు. చాటలో ఇంకో రెండు కట్టలు పడ్డాయి.

భూమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. నల్లా దగ్గర తనను చూడగానే ఆడవాళ్ళు మాట ఆపేయడం, బతుకమ్మ ఆటలో పక్కన చోటివ్వకపోవడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఎల్లారెడ్డిలో ఆ వాడకు ఇంకా టీవీ రాలేదు. అరుగు మీద రోజూ నడిచే కథ తనదే! ముద్దలు కలిపి తినిపించిన చేతులు పడిపోవాలా? అందరి ముందూ అత్త నోటితోనే నిజం చెప్పించాలని తడిక తోయబోయింది.

అప్పుడే రాములవ్వ, గొళ్ళెం ఎలా వేసిందో చూపించడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి వణకడం లేదు. నడుము నిటారుగా ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"మల్లేమైంది?" అంటూ ముసలమ్మలంతా ముందుకు వంగారు.

"ఆగున్రి, చెప్తున్న గద!" అని ఆమె ఊరించింది.

భూమక్క వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. ఏడుపొచ్చింది. తన పేరు బజారున పడినందుకో, అత్త బతికినందుకో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం రాములవ్వ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని కోడలిని తిట్టింది కూడా. భూమక్క ఉప్పు డబ్బా ఆమె ముందుకు జరిపింది.

తెల్లవారి, చాట చంకన పెట్టుకొని గడప దాటుతున్న అత్తను ఆమె ఆపింది.

"అత్తా, జర ఆగు."

మళ్ళీ బంద్ అంటుందేమోనని రాములవ్వ చాటను గట్టిగా పట్టుకుంది. "ఏందే?"

"గొళ్ళెం ముచ్చట నిన్ననే అయిపాయె గద. ఇయ్యాల, కట్టె ఇరిగేదాక నిన్ను కొట్టిన అని చెప్పు."