మునిగిన బాతులు

ఆ మిర్చి గోదాములో ఒళ్ళు అలిసిందని నోటితో చెప్తే చెల్లదు, గోరు చెప్పాలి. పనిచేసే ప్రతి మనిషి బొటనవేలికీ నీళ్ళు నింపిన గోరు, అందులో మినపగింజంత బాతు. ఓపికున్నంతసేపూ బాతు తేలుతుంది. అది మునిగితేనే కూర్చోనిస్తారు. ఎవడు కనిపెట్టాడో గాని, వాడు ఒక్క కాయకైనా తొడిమ తీసిన పాపాన పోలేదు.

ఆ గోళ్ళు చేసి అతికించేది గేటు పక్క కొట్టులో సువార్త.

“అక్కా, నాకు ఏడో నెల. కాళ్ళు పీకేస్తన్నాయి. ఈ మాయదారి బాతు మునగదే” అంది నాగూర్‌బీ, స్టూలు మీద కూలబడి.

“మనిషి పడిపోయేదాకా మునక్కుండా చెయ్యమనేగా నాకిచ్చిన ఆర్డరు.”

“చేసింది నువ్వేగా. నువ్వే ముంచు.”

పట్టుబడితే కొట్టు లైసెన్సు పోతుంది. ఆ సంగతి తలుచుకుంటూనే సువార్త బాతు పొట్టలో ఇసుక రేణువు పెట్టింది. మర్నాడు ఇంకో ఇద్దరొచ్చారు. వారం తిరిగేసరికి, పొద్దున పదింటికల్లా నలభైమంది ఆడవాళ్ళ బాతులూ అడుగున పడుకున్నాయి.

మేస్త్రీ ఏడుకొండలు కొట్టు మీదికొచ్చాడు. “ఏం చేశావమ్మాయ్? నీ కొట్టు పీకిస్తా.”

“గోరు తప్పు చెప్తోందంటావా, బాబాయ్? ఆ ముక్క కాయితం మీద రాసియ్యి. ఈ పూటే అందరివీ ఊడబెరుకుతా. అలిసిందెవరో వాళ్ళనే అడుగుదువు గాని.”

రాసిస్తే, ఆ గోళ్ళు పెట్టించిన పైవాళ్ళు ముందు అతని ఉద్యోగం ఊడబెరుకుతారు. ఏడుకొండలు మీసం గోక్కుని, అందరికీ టీ పురమాయించాడు.

నలభైమందీ కూర్చుని తాగారు. అతనూ కూర్చోబోతుంటే నాగూర్‌బీ అతని బొటనవేలు చూసింది.

“నీది ఇంకా తేలుతోంది బాబాయ్. నిలబడు.”