రెండో యంత్రం

ఆరోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: కాళ్లు పీకుతున్నా కూర్చోకుండా తిరుగుతున్న పెదనాన్న రాదివోయ్, వంటింట్లో చేపలు వేయిస్తున్న పెద్దమ్మ స్తానా, ఆమెకు సాయంగా దున్యా వాళ్లమ్మ, గోధుమ ప్రసాదాన్ని దీవించి ఇంకా కదలని చర్చి ఫాదర్, పిలవకుండానే వచ్చిన ఇరుగుపొరుగు. చివరి గదిలో లాప్‌టాప్ ముందు పదహారేళ్ల దున్యా, ఆమె వెనక పెద్దమ్మ కొడుకు ఓగ్న్యెన్. సెయింట్ నికోలా రోజు అది, పెదనాన్న వంశపు పండగ. ఆ ఇంటి మగవాళ్లు ఆరోజు కూర్చోకూడదు. వచ్చినవాళ్లకు వడ్డిస్తూ నిలబడాల్సిందే.

"కానియ్యవే, పరీక్షవాళ్లు పిలిచే వేళయింది," అన్నాడు ఓగ్న్యెన్.

"చేస్తున్నాగా!"

"నోరు కుట్టుకుని చేస్తే ఎలా? చెప్పుకుంటూ చెయ్యి. ఏది ఎందుకో పైకి చెప్పు."

చిలకపలుకులు నేర్చుకుంటున్నాడనుకుంది దున్యా. నేర్చుకోనీ.

"ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే మూడు వర్చువల్ మెషీన్లు లేపాను. మూడూ విడివిడి కంప్యూటర్లనుకో. మొదటిది పెత్తందారు. మిగతా రెండూ పనివాళ్లు. పెత్తందారు ఇచ్చిన టోకెన్ చూపిస్తేనే గుంపులోకి రానిస్తుంది. మూడూ కలిస్తే క్లస్టర్."

"పెద్ద కంపెనీలు వాడేదేనా?"

"వాళ్లది పెళ్లివంటల గాడిపొయ్యి. ఇది కుంపటి. నిప్పు అదే, బొగ్గులు తక్కువ."

ఓగ్న్యెన్ పకపకా నవ్వాడు. "ఈ మాట బాగుంది. మరిచిపోకు. మరి కంటైనర్?"

"సద్దిమూట. తీసా నది నీటిమట్టం చూపించే పేజీ, దానికి కావలసిన సరంజామా, అన్నీ ఒకే మూటలో. మూట మోస్తున్న పనివాడు పడిపోయాడనుకో, పెత్తందారు అలాంటి మూటే ఇంకోటి కట్టి మిగిలినవాడి నెత్తిన పెడుతుంది. పేజీ మళ్లీ లేస్తుంది."

ఇదంతా దున్యా పోయిన వేసవిలో ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నదే. బడి ప్రదర్శనలో జనాన్ని చూసి బెదిరి, తన బదులు చెప్పమని ఓగ్న్యెన్‌ను నిలబెట్టింది. అతను అంతా తన పనే అన్నాడు. 'మరి ఈ అమ్మాయి?' అని ఎవరో అడిగితే, 'మా చెల్లెలు. కాఫీలు అందిస్తుంది,' అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. అతని మెడలో పతకం పడింది. ఆ నవ్వు దున్యాను నిద్రలో కూడా వదల్లేదు.

ఆ తర్వాత నోవిసాద్ నగరంలోని ఒక కంప్యూటర్ బడిలో ఉచిత సీటు ఉందని తెలిసింది. ఒకే ఒక్కటి. ఆ సీటు కోసం దున్యా ప్రాణం కొట్టుకుంది. దరఖాస్తు రాయబోయి, 'మీ గురించి చెప్పండి' అన్నచోట ఒక్క ముక్కా రాయలేక లేచిపోయింది. అమ్మ ఒళ్లో ఏడ్చింది. అమ్మ చెబితే పెద్దమ్మకు, పెద్దమ్మ చెబితే ఓగ్న్యెన్‌కు తెలిసింది. కొన్నాళ్లకు అతనే ఊడిపడి, "ఆ సీటుకు దరఖాస్తు పంపేశానే! పండగరోజే పరీక్ష. క్లస్టర్ నా లాప్‌టాప్‌లో మళ్లీ కట్టిపెట్టు," అన్నాడు.

ఎంత తెగింపు! తన పని, తన సీటు, రెండూ మింగేద్దామనే!

దున్యా కాదనలేదు. దెబ్బ ఎక్కడ కొట్టాలో అప్పుడే తోచింది.

"ఆ చివర ఏదో రాశావేంటి?" అన్నాడు ఓగ్న్యెన్ తెరకేసి వంగి.

"మూట ఎక్కడ దిగాలో చెప్పాను," అంది తల తిప్పకుండా.

రెండో యంత్రం మీద తప్ప ఇంకెక్కడా దిగకూడదని రాసింది. పరీక్ష పెట్టేవాళ్లు దూరం నుంచే లోపలికొచ్చి, పేజీ నడుస్తున్న యంత్రాన్ని ఆపి చూస్తారట. ఆపనీ. పేజీ చస్తుంది, ఇక లేవదు. పతకం మెడవాడు నీళ్లు నములుతాడు.

"జుట్టు దువ్వుకోవే. చింపిరి తలా నువ్వూ."

"నీ పరీక్షకు నా జుట్టెందుకు?"

"ఇంటినిండా చుట్టాలు, సిగ్గులేదూ?"

పెద్దమ్మ తలుపు తోసింది. "ఒరే, గ్లాసులు ఖాళీ! మీ నాన్న ఒక్కడే గానుగెద్దులా తిరుగుతున్నాడు."

"వస్తున్నానమ్మా, ఒక్క క్షణం!"

అంతలో లాప్‌టాప్ మోగింది. ఓగ్న్యెన్ ఆమె భుజాలు పట్టి కుర్చీలో అదిమాడు. "నువ్వు కూర్చో. ఈరోజు నేను కూర్చోకూడదుగా. వెనకే ఉంటా."

తెరమీద నెరిసిన జుట్టావిడ కనిపించింది. "ముందు పని చూద్దాం, మాటలు తర్వాత. ఇక అక్కడ ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు. పేజీ నడుస్తున్నది... రెండో యంత్రంలో. ఆపేస్తున్నాం."

నీటిమట్టం అంకె మాయమైంది. పేజీ తెల్లబోయింది. ఆవిడ ఎదురుచూసింది. కళ్లద్దాలు సవరించుకుంది.

"లేవడం లేదే?" అంది.

దున్యా గుండెలో పాలు పోసినట్టయింది. అతని మొహం కరువుతీరా చూడాలని వెనక్కి తిరిగింది.

ఓగ్న్యెన్ తెర వైపు చూడనేలేదు. అప్పటికే గుమ్మం దాటుతున్నాడు.

"ఎక్కడికి? వచ్చి జవాబు చెప్పు!" అంది గొంతు తగ్గించి.

"ఆ సీటు అడిగింది నీ పేరుమీదేనే, పిచ్చిదానా," అంటూ అతను తలుపు మూసేశాడు.