ఒకటేనా, వేరా

"ఆ పరీక్ష ఇవాళ్టికి మానెయ్యవే," అంది తల్లి, సంగీత పాఠశాల మెట్ల మీద కూతురి చెయ్యి పట్టుకుని. "తలనొప్పని చెప్పెయ్. ఇంటికి పోదాం."

"నాకు తలనొప్పి లేదు కదమ్మా."

"నాకుంది."

కూతురు నవ్వి, చెయ్యి మెల్లగా విడిపించుకుంది. ఆమె ఆ పాఠశాలలో వయొలిన్ టీచరు. సంగీతం నేర్చిన చెవి పరాయి భాషను ఎలా వింటుందో తేల్చడానికి ఒక పరిశోధకురాలు వచ్చి వారమైంది. అందరూ ఆవిడను చెవుల డాక్టరమ్మ అంటున్నారు. మిగతా టీచర్లంతా పరీక్షకు కూర్చున్నారు. రెండు రోజులు నసిగిన పియానో మాస్టారు కూడా కూర్చున్నాడు. తానొక్కతే ఎగ్గొడితే ఏం బాగుంటుందని కూతురు లోపలికి నడిచింది. పొద్దుట్నుంచీ కుట్టుమిషన్ తొక్కిన కాళ్ళను ఈడ్చుకుంటూ తల్లి వెనకే వెళ్ళింది.

ఆమె భయం పరీక్షంటే కాదు, అందులో వినిపించే భాషంటే. అది సముద్రం అవతలి వాళ్ళ భాష. ఈ కూతురు ఆమె కడుపున పుట్టలేదు. ఓడరేవులో ఆ భాష మాట్లాడే ఒకావిడ, ఇప్పుడే వస్తానని సైగ చేసి, రెండేళ్ళ పిల్లను ఈమె ఒళ్ళో కూర్చోబెట్టి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ సంగతి పిల్లకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఇదీ ఎక్కడ ఓడెక్కి పోతుందోనని. తలుపు చప్పుడైనప్పుడల్లా ఎవరో బిడ్డను అడగడానికి వచ్చారని ఉలిక్కిపడి, ఉలిక్కిపడి, ఆమె ప్రాణం ఎప్పుడో అలసిపోయింది.

పరీక్ష గదికి గాజు తలుపు. కూతురు లోపల కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తల్లి బయట బెంచీ మీద, డాక్టరమ్మ పక్కన కూలబడింది. రెండు శబ్దాలు వినిపిస్తాయట. ఒకటే అనిపిస్తే ఆకుపచ్చ మీట, వేరనిపిస్తే ఎర్ర మీట నొక్కాలట.

ముందు స్వరాలు వినిపించారు. కూతురు ఒక్కటి కూడా తప్పలేదు. పైగా హెడ్‌ఫోన్లు తీసి, ఎడమవైపు చప్పుడు వెంట్రుకవాసి తక్కువగా వినిపిస్తోందని, బాగు చేయించుకోమని చెప్పింది. డాక్టరమ్మ మురిసిపోయింది.

"మా అమ్మాయి అంతేనమ్మా," అంది తల్లి. "పిల్లలు తప్పు వాయిస్తే, ఆ తప్పును ఉన్నదున్నట్టు వాయించి చూపిస్తుంది. తప్పు కూడా సరిగ్గా చేస్తుందని వాళ్ళు నవ్వుకుంటారు."

తర్వాతది అవతలి వాళ్ళ భాష. తల్లి గొంతు సవరించుకుంది.

"సంగీతం వచ్చిన చెవి కదా, ఏ భాషలో తేడా అయినా పట్టేస్తుందేమో?" అని అడిగింది. అవునంటే బాగుండునని ఆమె ఆశ. అప్పుడు ఏం బయటపడినా ఆ నేరం వయొలిన్ మీదికి తోసెయ్యవచ్చు.

"పట్టదండీ," అంది డాక్టరమ్మ. "శ్రుతిలో తేడా అయితే వీళ్ళను మించినవాళ్ళు లేరు. ఇది శ్రుతి కాదు, గొంతులో గాలి ఎక్కడ ఆగిందన్న చిన్న తేడా. ఊయలలో ఆ భాష విన్న చెవికే దొరుకుతుంది. మాటలన్నీ మరిచిపోయినా ఆ చెవి మరిచిపోదు."

"మిగతావాళ్ళు?"

"గుడ్డిగా ఏదో ఒక మీట నొక్కుతారు. పియానో మాస్టారికి సగం తగిలాయి, సగం పోయాయి. అన్నీ వినబడ్డాయని మాత్రం బడంతా చెప్పుకుంటున్నారు."

తల్లికి నవ్వు రాలేదు. గాజులోంచి కూతుర్నే చూస్తూ కూర్చుంది. శబ్దం వినిపించిన ప్రతిసారీ కూతురు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటోంది. కళ్ళు తెరిచి తల్లి వైపు చూస్తోంది. ఆ తర్వాతే మీట నొక్కుతోంది. పాపం, ఏమీ తెలియక తికమక పడుతోందని తల్లి అనుకుంది. ఆ తికమకకు ఎవరికి మొక్కాలో తెలియక, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ గడిపింది.

పరీక్ష అయిపోయింది. కూతురు బయటికి వచ్చి, తల్లి చేతిలోని సంచీ తీసుకుంది.

"పద అమ్మా, నీ తలనొప్పి తగ్గేలా టీ పెడతాను," అని, డాక్టరమ్మ ముఖం వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది.

తల్లి కదల్లేదు. డాక్టరమ్మ కంప్యూటరు తెర వైపు చూస్తోంది. ఒకసారి పైనుంచి కిందికి చూసి, మళ్ళీ మొదట్నుంచి చూసింది.

"ఎన్ని ఒప్పు?" అంది తల్లి.

"ఒక్కటీ కాదండీ. అన్నీ తప్పే."

తల్లి కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ బరువు భుజాల మీంచి జారినట్టయింది. అన్నీ తప్పే, అన్నీ తప్పే అని తనలో తానే అనుకుంటూ, గోడ పట్టుకుని లేచింది.

"మీరు సంతోషపడుతున్నారు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా, గొంతు తగ్గించి. "గుడ్డిగా నొక్కితే సగం ఒప్పవుతాయండీ. ఒక్కటి కూడా వదలకుండా తప్పు నొక్కాలంటే, ముందు ప్రతి ఒక్కటీ సరిగ్గా వినబడాలి."